పత్రికను పోషించిన మందుసీసా

పీర్జాదిగూడలో మా ఇంటికి పొద్దున ఆరింటికల్లా పేపరు వస్తుంది. విప్పగానే లోపలి నుంచి రెండు మూడు పాంప్లెట్లు జారి కింద పడతాయి. ఒకటి కోచింగ్ సెంటరుది, ఒకటి ప్లాట్లది. ఇంకొకటి మోకాళ్ల నొప్పులదో, మొలలదో, షుగరుదో అయి ఉంటుంది. మొన్న పక్కింటి పెద్దమ్మ అలాంటి కాగితం ఒకటి పట్టుకొచ్చింది. "సారూ, ఆపరేషన్ లేకుంట మోకాళ్లు బాగయితయట. జర చదివి చెప్పు, నిజమేనా?" అని అడిగింది.

కాగితం తిప్పి తిప్పి చూశాను. ఒక వైద్యుడి బొమ్మ ఉంది. మాకు నయమైంది అంటున్న ముగ్గురి ఫొటోలు ఉన్నాయి. ఫోన్ నంబరు ఉంది. ఈ వారమే రావాలన్న తొందర ఉంది. మందులో ఏమేం కలుపుతారో లేదు. ఏ తేదీన అచ్చువేశారో కూడా లేదు.

పెద్దమ్మకు నాకు తోచింది చెప్పి పంపాను. కానీ ఆ కాగితం నాకు ఎక్కడో చూసినట్టే అనిపించింది. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత పత్రికలు తిరగేసే అలవాటు నాకుంది. బొమ్మ, సాక్షులు, సంప్రదించే దారి, తొందర... ఈ నాలుగూ తొంభై, వందేళ్ల కిందటి తెలుగు పత్రికల ప్రకటనల్లో ఇదే పద్ధతిలో కనిపిస్తాయి. పద్ధతి అంత గట్టిగా ఎలా పాతుకుందో తెలియాలంటే, అప్పట్లో ఒక ప్రకటన ఎలా పనిచేసేదో మొదటి నుంచి చూడాలి.

మన దేశంలో పత్రిక, ప్రకటన కవల పిల్లలు. 1780 జనవరి 29న కలకత్తాలో హికీ మొదలుపెట్టిన బెంగాల్ గెజిట్ పూర్తి పేరులోనే 'కలకత్తా జనరల్ అడ్వర్టైజర్' అన్న మాట ఉంది. ఓడలో ఏ సరుకు దిగింది, ఎవరి ఇల్లు అద్దెకుంది, ఎవరి సామాను వేలానికొచ్చింది అన్నవి ఆనాటి తెల్లవాళ్లకు వార్తలే. ఆ వరస చాలాకాలం నడిచింది. మద్రాసు 'హిందూ' పత్రిక 1958 దాకా మొదటి పేజీలో ప్రకటనలే వేసేది, వార్తల కోసం లోపలికి వెళ్లాలి. ఇప్పుడు మనకు వింతగా ఉంటుంది కానీ, ఆనాటి పాఠకుడికి మొదటి పేజీ అంటే బజారు వీధి. ఆ వీధి దాటుకుని కచేరీకి వెళ్లినట్టు లోపలి పేజీకి వెళ్లేవాడు.

తెలుగు పత్రికల సంగతి కొంచెం వేరు. వాటికి ఓడల మీద వచ్చే సరుకు యజమానులు దగ్గర లేరు. పెద్ద ఇంగ్లీషు కంపెనీలు తమ డబ్బును ముందు ఇంగ్లీషు పత్రికలకే ఇచ్చేవి. తెలుగు పత్రికకు మిగిలింది చందా. చందాదారులు కొద్దిమంది, అందులో సకాలంలో కట్టేవాళ్లు ఇంకా కొద్దిమంది. బకాయిలు పంపమని సంపాదకులు వేడుకోవడం పాత పత్రికలు చూసేవాళ్లకు కొత్తకాదు. కాగితం విదేశాల నుంచి రావాలి. అక్షరాలు ఒక్కొక్కటిగా చేత్తో కూర్చాలి. తెలుగుకు ఒత్తులూ గుణింతాలూ ఉన్నందున కంపోజిటరు ముందుండే గళ్ల పెట్టెలు ఇంగ్లీషు కంటే చాలా ఎక్కువ. ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. ఈ లోటును ఎవరు పూడుస్తారు?

తెలుగులో ఈ ప్రశ్నకు అన్నిటికంటే స్పష్టమైన జవాబు కాశీనాథుని నాగేశ్వరరావు. ఆయన 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తలనొప్పికీ, పడిశానికీ, ఒంటినొప్పులకూ రాసుకునే పచ్చటి లేపనం అది. సంగీత సభల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని చెబుతారు. కచేరీ మూడు నాలుగు గంటలు సాగుతుంది, తల బరువెక్కుతుంది, పక్కవాడు డబ్బీ మూత తీయగానే వాసన వరస అంతా పాకుతుంది. చదువు రానివాడికి కూడా అందే ప్రకటన అది.

పదిహేనేళ్ల తర్వాత, 1908లో, ఆయన అదే బొంబాయి నుంచి 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా తెచ్చారు. 1914లో దాన్ని మద్రాసుకు మార్చి, ఏప్రిల్ 1 నుంచి దినపత్రిక చేశారు. 1924లో 'భారతి' మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. ఇవేవీ లాభాల కోసం పెట్టినవి కావు. అమృతాంజనం అమ్మగా వచ్చిన డబ్బు పత్రికల నష్టాన్ని మోసింది. పత్రికలు అమృతాంజనం పేరును ఊరూరా మోసాయి. మందు పత్రికను పోషించింది, పత్రిక మందును పరిచయం చేసింది. రెండింటికీ యజమాని ఒక్కరే కావడంతో ఈ లెక్క మనకు కళ్లెదుట కనిపిస్తుంది. మిగతా పత్రికల్లో యజమానులు వేరువేరు, కానీ లెక్క మాత్రం ఇదే.

నేను 'భారతి' పాత సంచికలు చదివి ఎంతో నేర్చుకున్నాను. శాసనాల మీద, వ్యాకరణం మీద, చిత్రకళ మీద అంత లోతైన వ్యాసాలు ఒక మాసపత్రికలో రావడం మామూలు విషయం కాదు. వాటి వెనక ఒక తలనొప్పి మందు ఉందన్నది నాకు చిన్నతనంగా తోచదు. తెలుగువాళ్లు చందాలు కట్టి నిలబెట్టలేని దాన్ని, అణాల లెక్కన డబ్బీలు కొని నిలబెట్టారు.

అందరూ ఈ దారిని ఒప్పుకోలేదు. గాంధీ దక్షిణాఫ్రికాలో నడిపిన 'ఇండియన్ ఒపీనియన్'లో కొంతకాలానికి ప్రకటనలు మానేశారు. తర్వాత 'యంగ్ ఇండియా', 'నవజీవన్' కూడా ప్రకటనలు లేకుండానే నడిచాయి. ప్రకటన ఇచ్చేవాడు పత్రికను లొంగదీస్తాడని, అబద్ధపు మందుల ప్రకటన వేయడం పాఠకుడికి ద్రోహమని ఆయన అభిప్రాయం. నాగేశ్వరరావు గాంధీ మార్గంలో నడిచిన మనిషి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లినవారు. అయినా పత్రిక నడపడంలో వేరే దారి పట్టారు. గాంధీకి దేశమంతటా చందాదారులు ఉన్నారు. తెలుగు దినపత్రికకు ఆ వెసులుబాటు లేదు.

ఇప్పుడు కొనేవాడి వైపు నుంచి చూద్దాం. మద్రాసులో తయారైన సీసా ఒక మారుమూల పల్లెకు ఎలా చేరుతుంది? దుకాణాలు లేవు, రోడ్లు లేవు. ఇక్కడే పోస్టాఫీసు పాత్ర వస్తుంది. ప్రకటనల చరిత్ర రాసేవాళ్లు బొమ్మల గురించి, మాటల గురించి ఎక్కువ రాస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది వి.పి.పి. (సరుకు అందినప్పుడు పోస్టుమాన్‌కు డబ్బు చెల్లించే పద్ధతి). దీన్ని మన దేశ తపాలా శాఖ 1877లో మొదలుపెట్టింది. రెండేళ్లకు, 1879లో, పావు అణాకు పోస్టుకార్డు వచ్చింది. 1880లో మనియార్డరు వచ్చింది. ఈ మూడూ కలిస్తే దుకాణం లేకుండానే దుకాణం నడుస్తుంది.

అది జరిగే తీరు ఇది. పల్లెలో ఒకరు పత్రికలో ప్రకటన చూస్తారు. కాణీ ఖర్చుతో కార్డు రాస్తారు: ఫలానా మందు ఒక సీసా పంపండి, ఇదీ నా చిరునామా. కంపెనీ సీసాను కట్ట కట్టి, దాని వెల రాసి, పోస్టాఫీసులో అప్పగిస్తుంది. కట్ట వారం పది రోజుల్లో ఊరికి చేరుతుంది. పోస్టుమాన్ వెల, ఛార్జీలు వసూలు చేసుకుని కట్ట చేతికిస్తాడు. ఆ డబ్బు మనియార్డరుగా కంపెనీకి వెళుతుంది. ముక్కూమొహం తెలియని కంపెనీకి ముందుగా డబ్బు పంపాల్సిన భయం కొనేవాడికి లేదు. సరుకు పోయి డబ్బు రాకుండా పోతుందన్న భయం అమ్మేవాడికి లేదు. మధ్యలో సర్కారు మనిషి ఉన్నాడు. జనం కంపెనీని కాదు, పోస్టుమాన్‌ను నమ్మారు.

ఇందులో ఒక మెలిక ఉంది. డబ్బు కట్టాకే కట్ట విప్పాలి. లోపల ఏమున్నా అప్పటికే సొమ్ము చేతులు మారింది. పది డబ్బాలు కొంటే చేతి గడియారం బహుమానం అని ఆశ చూపే ప్రకటనలు ఈ మెలిక మీదే బతికాయి. బొంబాయి, కలకత్తా, లాహోరు, అమృత్‌సర్‌ల నుంచి అలాంటివి దేశమంతా వెళ్లేవి. సరుకు బాగా లేదని ఫిర్యాదు చేయాలంటే వెయ్యి మైళ్ల దూరంలో ఉన్న ఒక పోస్టుబాక్సు నంబరుకు రాయాలి. పోస్టాఫీసు బాధ్యత కట్టను చేర్చడం వరకే. పత్రిక బాధ్యత ప్రకటన అచ్చువేయడం వరకే. కట్టలో ఉన్నది చెప్పినట్టు పనిచేస్తుందా లేదా అని చూసే బాధ్యత ఈ గొలుసులో ఎవరికీ లేదు.

ఈ గొలుసు మీద అన్నిరకాల సరుకులూ సేవలూ ప్రయాణించాయి. జాతకం రాసి పంపే జ్యోతిష్కులు, ఇంట్లో కూర్చుని ఇంగ్లీషు నేర్చుకునే పుస్తకాలు, టైపు, షార్టుహ్యాండు నేర్పే సంస్థలు, అత్తర్లు, తలనూనెలు, హార్మోనియంలు. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు, 1925లో అక్కడే పుట్టిన ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ వంటివాటి ప్రకటనలది మరో తరహా. అవి ఆంధ్రుల డబ్బు ఆంధ్రుల సంస్థలోనే అన్న అభిమానాన్ని తట్టేవి. అయినా చాలా పేజీల్లో ఎక్కువ చోటు మందులదే. ఎందుకు?

మొదటి కారణం డాక్టరు లేకపోవడం. తాలూకా కేంద్రంలో ఒక ఆసుపత్రి ఉంటే గొప్ప. జ్వరం వస్తే ఊరి వైద్యుడో, హకీమో, లేదంటే తాయెత్తో. రెండోది రోగాల భయం. 1896లో బొంబాయిలో ప్లేగు దిగింది. 1918లో ఇన్‌ఫ్లూయెంజా ఇంటింటినీ తాకింది. మలేరియా ఏటా ఉండనే ఉంది. మూడోది సిగ్గు. ముట్టు నొప్పులు, తెల్లబట్ట, సంతానం కలగకపోవడం, సుఖరోగాలు వంటివి ఊళ్లో ఎవరితోనూ చెప్పుకోలేని బాధలు. పోస్టులో వచ్చే కట్ట వాటిని గుట్టుగా ఉంచుతుంది. 'ఉత్తరాలు రహస్యంగా ఉంచబడును' అన్న ధోరణి మాట ఆ ప్రకటనల్లో మందుకంటే ముఖ్యమైన సరుకు.

నాలుగోది లాభం. దీనికి ఇంగ్లండ్ నుంచి ఒక లెక్క ఉంది. 1909లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ 'సీక్రెట్ రెమిడీస్' అనే పుస్తకం వేసింది. రహస్య మందులను కొని, విడగొట్టి పరీక్షించి, లోపల ఏముందో, దానికి ఎంత ఖర్చవుతుందో అందులో రాసింది. ప్రపంచమంతా అమ్ముడుపోయిన బీచమ్స్ మాత్రల్లో తేలింది ముసాంబరం, శొంఠి, సబ్బు. 56 మాత్రల డబ్బీలోని సరుకు ఖర్చు పెన్నీలో ఎనిమిదో వంతు. అమ్మకం ధర పదమూడున్నర పెన్నీలు. సరుకుకు వంద రెట్లకు పైగా వెల అన్నమాట. తేడా అంతా కంపెనీ మూటకట్టుకోలేదు. అందులో పెద్దభాగం ప్రకటనలకే పోయింది. మరోవిధంగా చెప్పాలంటే రోగి కొన్నది ఎక్కువగా ప్రకటననే.

మన దగ్గర మందులన్నీ అలాంటివని నేను అనడం లేదు. కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం కలిసిన లేపనాలు, తైలాలు ముక్కు తెరిపిస్తాయి, నొప్పి మీద చల్లగా తోస్తాయి. ఆ ఉపశమనం నిజం. చిక్కు ఎక్కడంటే, ప్రకటన ఆ ఒక్క ఉపశమనంతో ఆగదు. తలనొప్పి నుంచి కలరా దాకా ఒకే సీసా కింద వరసగా పేర్చేస్తుంది. కొనేవాడికి ఆ వరసలో తన రోగం కనిపించాలి. జాబితా ఎంత పొడవైతే అంతమందికి కనిపిస్తుంది. చోటుకు కట్టే డబ్బు ఒకటే, అంగుళంలో ఇరవై రోగాలు పట్టించడం ఒక మెళకువ.

ఇక మా దారిలోకి వస్తాను. పీర్జాదిగూడ నుంచి ఊళ్లోకి వెళ్లే మాకు ఉప్పల్, రామంతాపూర్ దాటాక అంబర్‌పేట తగులుతుంది. జిందా తిలిస్మాత్ కార్ఖానా అక్కడే ఉంది. 1920లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టిన మందు. వందేళ్లు దాటినా ఇంకా తయారవుతోంది. నీలగిరి తైలం ప్రధానంగా, కర్పూరం, మెంథాల్, వాము పువ్వు, రంగుకు రతన్‌జోత్ వేరు కలిసిన ద్రవం. జలుబు చేస్తే వేడినీళ్లలో చుక్కలు వేసి ఆవిరి పట్టడం, ఛాతీకి రాయడం హైదరాబాద్ ఇళ్లలో మతంతో పనిలేకుండా అందరికీ తెలిసిన పని. మా ఇంట్లోనూ ఒక సీసా ఉంటుంది.

ఆ పేరు చూడండి. జిందా అంటే సజీవమైన, తిలిస్మాత్ అంటే మాయలు, ఇంద్రజాలం. ప్రాణమున్న మాయ. ఉర్దూ కథల్లో తిలిస్మ్ అన్నమాట వినగానే మాయకోటలు, మంత్రగాళ్లు గుర్తొచ్చే కాలమది. మద్రాసు వైపు మందులకు అమృతం, అంజనం, సంజీవని వంటి సంస్కృత పదాలు పనికొచ్చినట్టే, హైదరాబాద్‌లో పారసీ, అరబ్బీ పదాలు పనికొచ్చాయి. రెండూ ఊరి మాటలు కావు. ఊరి మాట అయితే అది వాము నీళ్లో, శొంఠి కషాయమో అయిపోతుంది. వాటికి డబ్బు ఎవరిస్తారు? కొంచెం ఎత్తుమీద ఉండే భాష మందుకు బరువు తెస్తుంది. ఇదే ఎత్తు ఇవాళ ఇంగ్లీషుకు దక్కింది.

పేరు తర్వాత బొమ్మ. జిందా తిలిస్మాత్ డబ్బా మీద ఒక సిద్దీ (ఆఫ్రికా సంతతి, జనం మాటలో హబ్షీ) యోధుడి ముఖం ఉంటుంది. నిజాం కొలువులో ఆఫ్రికన్ అశ్విక దళం ఉండేది, ఎ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు వాళ్ల వల్లనే వచ్చింది. బలానికి, ఆరోగ్యానికి హైదరాబాద్ జనం వెంటనే గుర్తుపట్టే ముఖం అది. బొమ్మ ఎందుకు అంత అవసరమైందో జనాభా లెక్కలు చెబుతాయి. 1931లో హైదరాబాద్ రాజ్యంలో చదవను రాయను వచ్చినవాళ్లు నూటికి సుమారు ఐదుగురు. పత్రికను ఒకరు చదివితే పదిమంది వినేవాళ్లు. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయాల్లోనూ, పల్లె అరుగుల మీదా ఒకే కాపీ ఎన్నో చేతులు మారేది. విన్నవాడు అంగడికి వెళ్లి పేరు సరిగ్గా పలకలేకపోవచ్చు. 'హబ్షీ బొమ్మ మందు' అనగలడు. బొమ్మ చదువురాని కొనుగోలుదారుడికి అక్షరం.

బొమ్మకు చట్టంతో కూడా సంబంధం ఉంది. ఇది చాలామందికి తెలియని సంగతి కనుక కొంచెం ఆగుతాను. బ్రిటిష్ ఇండియాలో ట్రేడ్‌మార్కు (సరుకు ఎవరిదో చెప్పే గుర్తు)ను నమోదు చేసుకునే చట్టం 1940 దాకా లేదు. ఇంగ్లండ్‌లో 1875 నుంచే ఉంది. ఇక్కడి వ్యాపారి ఏం చేయాలి? ఈ గుర్తు నాదే అని ఒక ప్రకటన పత్రం రాసి రిజిస్ట్రారు కచేరీలో దాఖలు చేసేవాడు. దాన్ని పత్రికలో అచ్చు వేయించేవాడు. ఎవరైనా నకలు చేస్తే కోర్టులో ఆ పత్రిక ప్రతి చూపించి, ఇన్నేళ్లుగా ఈ గుర్తు నాది, జనానికి తెలుసు అని వాదించేవాడు. అందుకే పాత ప్రకటనల్లో 'నకిలీలున్నవి, మా గుర్తు చూచి కొనుడు' అన్న తరహా హెచ్చరికలు అన్ని కనిపిస్తాయి. అది కొనేవాడికి చేసే హితబోధగా కనిపిస్తుంది. అసలు పని మాత్రం నకలు చేసేవాడి మీద సాక్ష్యం పోగుచేయడం. ఒకే బొమ్మ, ఒకే అక్షరాలు, ఏళ్ల తరబడి మార్పు లేకుండా రావడానికి ఇది ఒక కారణం. రెండో కారణం అచ్చుశాలలో ఉంది. బొమ్మను లోహపు బ్లాకుగా చేయించడానికి డబ్బవుతుంది. ఒకసారి చేయించిన బ్లాకు అరిగిపోయేదాకా వాడతారు. సంచిక తర్వాత సంచికలో ఆ ముఖం మసకబారుతూ పోవడం నేను చూశాను.

హైదరాబాద్‌ది మరో చిక్కు. ఇది బ్రిటిష్ ఇండియా కాదు, నిజాం రాజ్యం. ఇక్కడి రూపాయి ఉస్మానియా సిక్కా, జనం భాషలో హాలీ. బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. మద్రాసు పత్రికలో రూపాయి అని చదివిన మందుకు ఇక్కడివాళ్లు మనసులో లెక్క కట్టుకోవాలి. హాలీ సిక్కా 1959 దాకా చెలామణిలో ఉంది. సరిహద్దు దాటి వచ్చే సరుకు మీద కరోడ్‌గిరి (నిజాం రాజ్యపు దిగుమతి సుంకం) పడేది. ఇక్కడే తయారైన మందుకు ఇవేమీ లేవు. అంబర్‌పేట సీసాకు ఇక్కడ పట్టు దొరకడంలో ఈ లెక్కకూ కొంత పాత్ర ఉంటుందని నా ఊహ.

భాష సంగతి ఇంకొకటి. ప్రకటనను ఉర్దూలో ఇష్తిహార్ అంటారు. పాలన ఉర్దూలో, కోర్టు ఉర్దూలో, పత్రికలు ఎక్కువ ఉర్దూలో. తెలుగులో 1922లో నల్లగొండ నుంచి 'నీలగిరి', ఇనుగుర్తి నుంచి 'తెనుగు', 1926లో సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ' వచ్చాయి. ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి వంటి పల్లెలో అచ్చుయంత్రం పెట్టి 'తెనుగు' నడిపారు. ఆంధ్రపత్రిక వెనక ఒక అమృతాంజనం ఉంది. ఈ పత్రికల వెనక అలాంటి సీసా ఏదీ లేదు. వాటిని మోసింది మనుషుల పట్టుదల, చందాలు. తెలంగాణ తెలుగు పత్రికల బతుకు ఎందుకంత కష్టమైంది అన్నప్పుడు నిజాం నిర్బంధాల గురించే చెబుతాం. ప్రకటన ఇచ్చే తెలుగు వ్యాపారం పక్కన లేకపోవడం కూడా అంతే బరువైన కారణమని నేను అనుకుంటాను.

ఆడవాళ్ల సంగతి చెప్పకుండా ఈ కథ పూర్తికాదు. మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరి నడిపిన కేసరి కుటీరం వారి 'లోధ్ర' ఆడవాళ్ల గర్భాశయ బాధలకు పేరు పొందిన మందు. లొద్దుగ చెక్కకు సంస్కృతంలో లోధ్రం అని పేరు, ఆయుర్వేదంలో దాన్ని ఆ బాధలకే వాడతారు. ఒంగోలు ప్రాంతం నుంచి పేదరికంలో మద్రాసు చేరిన కేసరి ఆ మందుతో సంపాదించారు. 1928లో 'గృహలక్ష్మి' మాసపత్రిక పెట్టారు. ఆడవాళ్లు రాసేవి, ఆడవాళ్లు చదివేవి అందులో వచ్చాయి. రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చే ఏర్పాటు చేశారు. 1934లో మొదటి కంకణం కనుపర్తి వరలక్ష్మమ్మ అందుకున్నారు. ఇక్కడ కూడా లెక్క అదే: మందు డబ్బు పత్రికకు, పత్రిక చదివే చేతులు మందుకు. కానీ తెలుగు ఆడవాళ్ల ఒంటి బాధకు అచ్చులో చోటు దొరికింది ముందు ప్రకటనల్లోనే. కథల్లో, వ్యాసాల్లో ముట్టు గురించి ఒక్క మాట రాయలేని రోజుల్లో ప్రకటన ఆ మాట రాసింది. అమ్ముకోవడానికే రాసింది, నిజమే. చదివిన స్త్రీకి మాత్రం ఈ బాధ తనొక్కదానిదే కాదని తెలిసింది.

పెద్ద కంపెనీలు ఈ రంగంలోకి మెల్లగా దిగాయి. లీవర్ కంపెనీ సన్‌లైట్ సబ్బు పెట్టెలు 1888లో కలకత్తా రేవులో దిగాయి. 1929లో అమెరికా ప్రకటనల సంస్థ జె. వాల్టర్ థాంప్సన్ మోటారు కార్లు అమ్మడానికి మన దేశంలో కార్యాలయం తెరిచింది. వీళ్ల పద్ధతి వేరు. రోగాల జాబితా ఉండదు. ఒక చిన్న కథ ఉంటుంది: అలసిపోయిన ఉద్యోగి, దిగులుపడే భార్య, ఒక గ్లాసు పాలపొడి పానీయం, చివరికి ప్రమోషన్. హార్లిక్స్ కోసం 'రాత్రి ఆకలి' అనే కొత్త జబ్బునే ఇంగ్లండ్‌లో కల్పించారు, నిద్రలో ఒంట్లో శక్తి తరిగిపోతుందని. 1941లో లక్స్ సబ్బుకు లీలా చిట్నీస్ బొమ్మ వాడారు. దీనికి ఎదురు దేశీ వ్యాపారులది స్వదేశీ మాట. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర ప్రాంతంలో తిరిగి ఉపన్యాసాలిచ్చాక ఆ మాటకు ఇక్కడ విలువ పెరిగింది. సబ్బు, దువ్వెన, అగ్గిపెట్టె, సిరా అన్నీ దేశభక్తితో ముడిపడ్డాయి. ఏది నిజంగా ఇక్కడ తయారైంది, ఏది విదేశీ సరుకుకు అంటించిన స్వదేశీ చీటీ అన్నది చీటీ చూసి తెలిసేది కాదు.

చట్టం ఎప్పుడు వచ్చింది? చాలా ఆలస్యంగా. బజారులో కల్తీ, నాసిరకం మందులు పెరిగాయన్న ఆందోళనతో 1930లో ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన ఒక విచారణ సంఘం వేశారు. మరుసటి ఏడు నివేదిక వచ్చింది. దాని మీద డ్రగ్స్ చట్టం రావడానికి 1940 అయింది. ఆ చట్టం చూసింది మందు నాణ్యతను. ప్రకటనలో చెప్పే మాట జోలికి అది అంతగా పోలేదు. పైగా అది బ్రిటిష్ ఇండియా చట్టం, నిజాం రాజ్యానికి దానంతటదే వర్తించదు. ప్రకటన మాటను పట్టుకున్న చట్టం స్వాతంత్ర్యం తర్వాత, 1954లో వచ్చింది. దాని పేరులోనే 'మ్యాజిక్ రెమిడీస్' (మాయ మందులు, తాయెత్తులు, యంత్రాల వంటివి) అన్న మాట ఉంది. ఇప్పుడు అందులో 54 జబ్బుల పట్టిక ఒకటి ఉంది, వీటిని నయం చేస్తామని ఎవరూ ప్రకటన ఇవ్వకూడదు. మధుమేహం, క్యాన్సర్ అందులో ఉన్నాయి. మనిషి ఎత్తు పెంచడం కూడా ఉంది. మందు నిజంగా పనిచేసినా సరే, ఆ మాట జనానికి నేరుగా ప్రకటించకూడదు. రోగి ప్రకటన చూసి సొంత వైద్యం మొదలుపెట్టకుండా, వైద్యుడి దగ్గరకు వెళ్లాలన్నది దాని ఉద్దేశం.

ఈ చట్టం మీద యునానీ మందుల సంస్థ హమ్‌దర్ద్ దవాఖానా సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రకటన కూడా భావప్రకటనే కదా, దాన్ని ఆపితే రాజ్యాంగం ఇచ్చిన స్వేచ్ఛ పోదా అన్నది వాదన. సరుకు అమ్ముకునే మాటకు, అభిప్రాయం చెప్పే మాటకు తేడా ఉందని కోర్టు అంది. చట్టం ఉద్దేశాన్ని నిలబెట్టింది. హద్దులు సరిగా చెప్పని కొన్ని భాగాలను మాత్రం కొట్టేసింది. 1995లో వేరే కేసులో, వ్యాపార ప్రకటనకూ ఆ స్వేచ్ఛలో చోటుందని అదే కోర్టు చెప్పింది. మోసపు ప్రకటనకు ఆ రక్షణ లేదని కూడా చెప్పింది. 2024లో ఒక పెద్ద ఆయుర్వేద కంపెనీ తన ప్రకటనల విషయంలో పత్రికల్లో క్షమాపణలు అచ్చువేయాల్సి వచ్చింది. అంటే 1954 నాటి ప్రశ్న ఇంకా తేలలేదు.

పెద్ద కంపెనీకి చిరునామా ఉంటుంది, కోర్టు పిలిస్తే వస్తుంది. పాంప్లెట్‌కు అదీ లేదు. పేపరు యాజమాన్యం దాన్ని అచ్చువేయలేదు. ఏజెంటు దగ్గర తెల్లవారుజామున ఎవరో కట్టలు పెట్టిపోతారు. పిల్లలు మడతల్లో దోపుతారు. చదివేవాళ్లు మాత్రం 'పేపర్ల వచ్చింది' అంటారు. పెద్దమ్మ కూడా ఆ మాటే అంది. వి.పి.పి. రోజుల్లో పోస్టుమాన్ మీదున్న నమ్మకం కట్టలోని సరుకు మీదకు పాకినట్టు, ఇప్పుడు పేపరు మీదున్న నమ్మకం దాని మడతలో ఉన్న కాగితం మీదకు పాకుతోంది.

పాత ప్రకటనలు వెతికేవాళ్లకు ఒక కష్టం ఎదురవుతుంది. మాసపత్రికల్లో ప్రకటనలు ఎక్కువగా అట్టల మీద, ముందూ వెనకా ఉండే పేజీల్లో ఉండేవి. చాలా గ్రంథాలయాల్లో ఏడాది సంచికలు కలిపి బైండు చేసేటప్పుడు, ఇవి ఎందుకులే అని ఆ పేజీలు చింపేశారు. వ్యాసాలు మిగిలాయి, వాటికి డబ్బు పెట్టిన పేజీలు పోయాయి. మిగిలిన ప్రకటనల్లోనూ తేదీ ఉండదు. పక్కన ఏ వార్త ఉందో చూసి ఏడాది పోల్చుకోవాలి. విడిగా దొరికిన కరపత్రమైతే ఆ దారి కూడా లేదు.

పెద్దమ్మ తెచ్చిన పాంప్లెట్ నా దగ్గరే ఉంది. వెనక పక్క పెన్సిల్‌తో తేదీ వేశాను, పీర్జాదిగూడ అని రాశాను, ఏ పేపరు మడతలో వచ్చిందో రాశాను. అట్ట ఫైలులో పెట్టాను. దాని కింద ఇప్పటికి అలాంటివి నలభై దాకా ఉన్నాయి.